నారుకు ఏ మట్టి మంచిది? ముందు కవరు లోతు కొలవండి

నారు దేంట్లో పోయాలి అని అడిగితే మన నల్లగొండ, పాలమూరు వైపు కనీసం మూడు జవాబులు వస్తాయి. ఎర్రమట్టి, ఇసుక, మాగిన పెంట కలిపి కవర్లు నింపమంటారు ఒకరు. కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు, తప్ప ఇంకేదీ ముట్టొద్దంటారు ప్రోట్రేల్లో, అంటే చిన్న చిన్న గుంతలున్న ప్లాస్టిక్ ట్రేల్లో, నారు పెంచి అమ్మేవాళ్లు. చెరువు మట్టిని మించింది లేదంటాడు ఊళ్లో పెద్ద రైతు. ముగ్గురూ తమ కళ్లతో చూసిందే చెప్తున్నారు, ముగ్గురి మాటా నిజమే. చిక్కల్లా ఒకరి మట్టిని తెచ్చి ఇంకొకరి కవర్లో పోసినప్పుడే వస్తుంది. చేన్లో టమాటా విరగకాసిన మట్టినే తట్టతో ఎత్తుకొచ్చి ట్రేలో నింపితే, అందులో మొలకలు వారం తిరక్కుండానే మొదలు కుళ్లి పడిపోతాయి. మట్టి మారలేదు. మరి ఏం మారింది?

జవాబు మట్టి కణాల్లో కంటే కణాల మధ్య ఖాళీల్లో ఉంది. లేత వేరుకు నీళ్లెంత అవసరమో గాలీ అంతే అవసరం. ఆ గాలి ఈ ఖాళీల గుండానే లోపలికి రావాలి. ఖాళీల్లో నీళ్లు నిండితే ఆక్సిజన్ కదలిక గాల్లో కంటే దాదాపు 10 వేల రెట్లు నెమ్మదిస్తుంది. ఊపిరాడని వేరు నీళ్లు పీల్చడం మానేస్తుంది, పైన ఆకు వాడుతుంది. నీళ్లు చాల్లేదేమో అనుకొని మనం ఇంకో చెంబు పోస్తాం. పైగా నారుకుళ్లు తెప్పించే పితియం అనే శిలీంధ్రం లాంటి జీవికి నీళ్లే దారి. దాని బీజాలు మట్టిలోని నీటి పొరలో ఈదుకుంటూ వేరును చేరతాయి.

పెద్ద ఖాళీ నీళ్లను కిందికి వదిలేసి గాలిని రానిస్తుంది. చిన్న ఖాళీ నీళ్లను పట్టుకుంటే వదలదు. ఎంత పెద్దదైతే వదులుతుందో చెప్పే లెక్క ఒకటుంది, పెద్ద కష్టమేమీ కాదు. 1 మిల్లీమీటరు వెడల్పున్న ఖాళీ సుమారు 3 సెంటీమీటర్ల ఎత్తు దాకా నీళ్లను నిలబెట్టుకుంటుంది. వెడల్పు 0.1 మి.మీ. అయితే 30 సెం.మీ. దాకా. వెడల్పు పదో వంతుకు తగ్గితే ఎత్తు పది రెట్లు పెరుగుతుందన్న మాట.

ఇదే లెక్కను చేనుకు, కవరుకు, ట్రేకు వేసి చూడండి. చేన్లో నీళ్లు దిగడానికి కింద మీటరు లోతు ఉందనుకుంటే, పైపొరలో 0.03 మి.మీ. దాటిన ఖాళీలన్నీ నీళ్లు వదిలి గాలి నింపుకుంటాయి. 15 సెం.మీ. ఎత్తు నింపిన కవర్లో, అదీ అన్నిటికంటే పైన, 0.2 మి.మీ. దాటినవే వదులుతాయి. 4 సెం.మీ. లోతున్న ప్రోట్రే గుంతలో ఆ హద్దు 0.75 మి.మీ. చేన్లో హాయిగా గాలాడే మట్టి కవర్లో ముద్ద కట్టి, ట్రేలో బురదగా మిగిలిపోవడానికి కారణం ఇదే.

నమ్మకం కుదరకపోతే గిన్నెలు తోమే స్పాంజి ఒకటి నీళ్లలో ముంచి తీసి, అరచేతిలో పడుకోబెట్టి పట్టుకోండి. నీళ్లు కారడం ఆగేదాకా ఆగండి. ఇప్పుడు దాన్ని నిలువుగా తిప్పండి, మళ్లీ కారతాయి. స్పాంజి అదే, అందులో రంధ్రాలూ అవే, ఎత్తొక్కటే మారింది.

కాబట్టి ప్రతి కుండీ అడుగునా, ఎన్ని చిల్లులున్నా సరే, నీళ్లు నిండిన ఒక పొర మిగిలే ఉంటుంది. ఆ పొర మందం మనం నింపిన మిశ్రమాన్ని బట్టి ఉంటుంది, కుండీ ఎత్తును బట్టి కాదు. 5 సెం.మీ. పొర నిలిచే మిశ్రమాన్ని 30 సెం.మీ. కుండీలో పోస్తే పైన 25 సెం.మీ. వేరుకు దక్కుతుంది. దాన్నే చిన్న ట్రేలో పోస్తే ఏమీ దక్కదు. పాత్ర ఎంత పొట్టిదైతే మట్టి అంత గరుకుగా ఉండాలి. నర్సరీల్లో తరచూ దీనికి తలకిందులుగా జరుగుతుంది. చిన్న గింజలకు చిన్న ట్రే, చిన్న ట్రేకు మెత్తగా జల్లించిన మట్టి అని లెక్కేస్తారు.

కుండీ అడుగున రెండు అంగుళాల గులకరాళ్లు పోస్తే నీళ్లు బాగా దిగుతాయన్నదీ ఈ లెక్కకు నిలవదు. మెత్తటి మట్టి తన నీళ్లను కింద ఉన్న పెద్ద ఖాళీల్లోకి అంత తేలిగ్గా వదలదు. పూర్తిగా నానాకే చుక్క కింద పడుతుంది. దాంతో తడి పొర ఎక్కడికీ పోదు, రాళ్ల మీదికెక్కి కూర్చుంటుంది, వేరుకు ఉన్న చోటు రెండు అంగుళాలు తగ్గుతుంది. చిల్లు మీద మట్టి జారకుండా ఒక పెంకు ముక్క పెడితే చాలు.

నీళ్లు నిజంగా దిగాలంటే కుండీ అడుగు నేలకు ఆనాలి. కవరు కింది చిల్లుల దగ్గర లోపలి మట్టి, బయటి మట్టి కలిస్తే నేల ఆ నీళ్లను లాగేసుకుంటుంది. 2015లో ప్రభుత్వ మొక్కల పెంపకం పథకం హరితహారం మొదలయ్యాక ఊరూరా గ్రామ నర్సరీలు వచ్చాయి, షేడ్‌నెట్ కింద వరసలుగా కవర్లు పేర్చారు. అదే ఎర్రమట్టి మిశ్రమం నేల మీద పేర్చిన కవర్లలో బాగానే నడుస్తుంది. ప్లాస్టిక్ పట్టా మీద, సిమెంటు గచ్చు మీద పేర్చిన కవర్లలో మాత్రం వానాకాలంలో మొక్కలు పసుపెక్కుతాయి. నేల మీద పెడితే ఉన్న ఇబ్బంది వేర్లు భూమిలోకి దిగడం, అందుకే అప్పుడప్పుడు కవర్లు జరుపుతుంటారు. మేడ మీద కుండీలు పెట్టుకునే పట్నం వాళ్లకు నేల సాయం ఎలాగూ ఉండదు కాబట్టి వాళ్ల మిశ్రమం ఇంకొంచెం గరుకుగా ఉండాలి.

మన దగ్గర దొరికేవి

చెల్క, దుబ్బ, రేగడి అని మనవాళ్లు నేలను పిలిచే పేర్లలోనే సగం శాస్త్రం ఉంది. ఇసుక కణం 2 నుంచి 0.05 మి.మీ., ఒండ్రు కణం 0.05 నుంచి 0.002 మి.మీ., అంతకంటే చిన్నది బంకమన్ను. ఇది పుస్తకం లెక్క. దుబ్బలో ఇసుక పాలు ఎక్కువ, రేగడిలో బంక ఎక్కువ, చెల్క అనే ఎర్రనేల మధ్యలో ఉంటుంది. చెల్కకు ఇంకో గుణముంది. తడిసినప్పుడు మెత్తగా కూలిపోయి, ఎండగానే బిగుసుకుంటుంది. వాన పడ్డ మర్నాడు చేను మీద పెచ్చు కట్టేది ఇందుకే. కవర్లోనూ అంతే. రోజూ పైనుంచి నీళ్లు కొడితే పైన గట్టి పెచ్చు తయారై, మిరప లాంటి చిన్న గింజ మొలకను బయటికి రానివ్వదు. గింజ మీద మట్టికి బదులు పలుచగా కోకోపీటో, బాగా జల్లించిన వర్మీకంపోస్టో చల్లితే ఈ బాధ తప్పుతుంది.

ఎర్రమట్టిలో ఇసుక కలపడం అందరికీ తెలుసు. ఎంత కలపాలన్న దగ్గరే తప్పుతారు. బంక ఎక్కువున్న మట్టిలో పిడికెడు ఇసుక వేస్తే గుల్లబారదు, ఇంకా బిగుస్తుంది. ఇసుక రేణువులు బంకలో విడివిడిగా కూరుకుపోతాయి. ప్రతి రేణువూ తనలో ఖాళీ లేని గట్టి వస్తువు కాబట్టి మొత్తం మీద ఖాళీ తగ్గుతుంది. ఇసుక రేణువులు ఒకదానికొకటి తగిలేంత ఎక్కువైనప్పుడే వాటి మధ్య పెద్ద ఖాళీలు తెరుచుకుంటాయి. సగానికి తక్కువ ఇసుకతో అది సాధారణంగా కుదరదు. అందుకే మట్టి, ఇసుక, పెంట 2:1:1 అని బోర్డు మీద రాసిన కొలత దుబ్బ మట్టికి బాగా పనిచేసి, బంక చెల్కకు బెడిసికొడుతుంది. మీ మట్టి తడిపి వేళ్ల మధ్య రిబ్బనులా ఒత్తి చూడండి. అంగుళం దాటి తెగకుండా సాగితే అది కవర్లకు పనికొచ్చే మట్టి కాదు, ఇసుకతో దాన్ని బాగుచేద్దామని కూర్చోవద్దు. దుబ్బ మట్టి ఉన్నవాళ్లకు మాత్రం ఇసుక కలిపే అవసరమే రాదు, మాగిన పెంట ఒక్కటి చాలు.

ఇసుకలోనూ తేడాలున్నాయి. దుందుభి వాగు, మూసీ ఇసుక కడిగితే శుభ్రమైన గరుకు రేణువు మిగులుతుంది. వాగు ఇసుక దొరకడం కష్టమై ఇప్పుడు చాలామంది రోబో ఇసుక వాడుతున్నారు. రాయిని పిండి కొట్టిన సరుకు కాబట్టి అందులో సన్నటి దుమ్ము పాలు ఎక్కువ. ఇల్లు కట్టడానికి అది ఎంత మేలో నారుకు అంత చేటు, ఎందుకంటే ఆ దుమ్ము ఖాళీలన్నిటినీ పూడ్చేస్తుంది. బకెట్లో వేసి, నీళ్లు తేటబడే దాకా కడిగి, దోమల జాలీ మీద జల్లించి, జాలీ మీద నిలిచింది తీసుకోండి. కష్టమైన పనే, కానీ కవర్లకు కావాల్సిన ఇసుక ఎంతని?

చెరువు మట్టి సంగతి కాస్త విడమరచాలి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక తీసిన మట్టిని రైతులు ట్రాక్టర్లకెత్తి చేలకు తోలుకున్నారు. దుబ్బ నేలలకు అది వరమే. బంక, సేంద్రియం కలిసి నీళ్లు నిలుపుకునే గుణం వస్తుంది. అలా మేలు చేసిందనే నమ్మకంతోనే కొందరు దాన్ని కవర్లలోనూ నింపుతారు. చేన్లో కావాల్సింది నీళ్లు పట్టే గుణం, ఎందుకంటే కిందికి దిగిపోయే లోతు ఎటూ ఉంది. కవర్లో నీళ్లు ఎటూ నిలుస్తాయి, కావాల్సింది వదిలే గుణం. ఒకే మట్టికి రెండు చోట్ల రెండు రకాల ఫలితం అందుకే.

మన జిల్లాల్లో చవకగా దొరికి, ఎవరూ పెద్దగా పట్టించుకోని సరుకు వరి ఊక. మిర్యాలగూడ చుట్టుపక్కల మిల్లుల దగ్గర గుట్టలు గుట్టలుగా ఉంటుంది. తేలిక, సిలికా ఎక్కువ కాబట్టి తొందరగా కుళ్లదు, మట్టిని విడదీసి పెద్ద ఖాళీలు ఉంచుతుంది. ఇసుక చేసే పనే చేస్తుంది, కవరు బరువు మాత్రం పెంచదు. వడ్లు ఉడకబెట్టే బాయిల్డ్ మిల్లు ఊకైతే అందులో మిగిలిన వడ్లు మొలకెత్తవు, పచ్చి మిల్లుదైతే కవరు నిండా వరి మొలకలు పీకుతూ కూర్చోవాలి. గాలి ఎక్కువ తగలకుండా సగం కాల్చి బొగ్గు చేసిన ఊక ఇంకా మేలు. కానీ ఊక వేరు, ఊక బూడిద వేరు. మిల్లు బాయిలర్ నుంచి వచ్చే బూడిద సన్నటి పొడి, పైగా క్షార గుణం. అది ఖాళీలను పూడుస్తుంది, మట్టిని మరింత చౌడు వైపు నెడుతుంది. ఊక అని చెప్పి బూడిద లోడు దించితే తిప్పి పంపండి.

వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పల్లి పొట్టు దొరుకుతుంది. మాగబెట్టి వాడితే మంచిదే, పచ్చిది వాడితే కుళ్లేటప్పుడు మొక్కకు అందాల్సిన నత్రజనిని లాగేసుకుంటుంది. పెంట విషయమూ అంతే, మాగిందే కావాలి.

మొక్క ఆ మట్టిలో ఎన్నాళ్లుండాలన్నదీ చూసుకోవాలి. టమాటా నారు 25 రోజుల్లో, మిరప 35, 40 రోజుల్లో ట్రే ఖాళీ చేస్తుంది. కాబట్టి అక్కడ అంతా కోకోపీటే ఉన్నా నష్టం లేదు. బత్తాయి అలా కాదు. రంగపూర్ నిమ్మ గింజ నుంచి వేరుమొక్క పెంచి, దానికి సాత్‌గుడి అనే బత్తాయి రకం కన్ను కట్టి, అమ్మకానికి తయారయ్యేసరికి ఏడాది దాటుతుంది. అన్నాళ్లలో పెంట కరిగిపోయి కవరు మట్టి నాలుగు వేళ్ల మందం కిందికి దిగిపోతుంది, మిగిలిన మట్టి బిగుస్తుంది. ఏడాది నిలవాల్సిన కవరుకు గరుకు ఇసుక, ఊక లాంటి కుళ్లని అస్థిపంజరం కావాలి, పెంట నాలుగో వంతు మించొద్దు. బత్తాయిని చంపే వేరుకుళ్లు, బంక తెగులు తడి మట్టిలోనే బలుస్తాయి, తోటలో కనిపించే జబ్బు చాలాసార్లు కవర్లోనే అంటుకుని వస్తుంది. బాలానగర్ సీతాఫలం రాళ్ల గుట్టల మీద పెరిగే చెట్టు, దాని మొలకలకూ తడి మట్టి గిట్టదు. చింతకు, వేపకు తల్లివేరు నిటారుగా దిగాలి కాబట్టి వెడల్పు కంటే లోతైన కవరు చూసుకోండి.

కోకోపీట్, బోరు నీళ్లు

కోకోపీట్ గొప్పతనం అది నీళ్లనూ గాలినీ ఒకేసారి ఉంచుకోవడంలో ఉంది. పీచులో పెద్ద ఖాళీలు, పొట్టులో చిన్న ఖాళీలు. 5 కిలోల దిమ్మె నానితే 70 లీటర్ల దాకా ఉబ్బుతుంది. 98 గుంతల ట్రేకు నానిన కోకోపీట్ కిలో పైచిలుకు సరిపోతుంది. అయితే దిమ్మెలన్నీ ఒకటి కావు. పూర్తిగా పొడి పొడిగా రుబ్బినది చవగ్గా వస్తుంది, ట్రేలో బురదలా పనిచేస్తుంది. చేతిలోకి తీసుకుంటే పీచు ముక్కలు తగలాలి. ఒకసారి నారు తీసిన కోకోపీట్‌ను రెండోసారి వాడేవాళ్లు తెగులు గురించే భయపడతారు గానీ, అది చివికి మెత్తబడి గాలి తగ్గడం కూడా అంతే నష్టం. కొబ్బరి పీచును తీర ప్రాంతంలో ఉప్పు నీళ్లలో నానబెట్టి తీసిన సరుకులో సోడియం, పొటాషియం ఉంటాయి. రెండు మూడు సార్లు నీళ్లు మార్చి కడగండి. వీలైతే చివర్లో కాల్షియం నైట్రేట్ ద్రావణంలో నానబెట్టి మళ్లీ కడగండి.

ఇంకో మోసం, కోకోపీట్ పైన ఎండి లేత రంగుకు తిరిగినా లోపల తడి ఉంటుంది. రంగు చూసి నీళ్లు పెట్టేవాళ్లు మునిగిపోతారు. ట్రే ఎత్తి బరువు చూడటం అలవాటు చేసుకుంటే వారంలో చేతికే తెలిసిపోతుంది.

మర్రిగూడ, మునుగోడు అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. తాగే నీళ్ల బాధ అది. నారు విషయానికొస్తే ఆ నీళ్లలో ఫ్లోరైడ్‌తో పాటు ఉండే సోడియం, బైకార్బనేట్ల మీద కన్నేయాలి. ఫ్లోరైడ్ ఎక్కువున్న భూగర్భ జలంలో తరచూ కాల్షియం తక్కువ, ఈ రెండూ ఎక్కువ ఉంటాయి. సోడియం బంక కణాలను విడగొడుతుంది, అవి కదిలి వెళ్లి ఖాళీలకు అడ్డం పడతాయి. ఎర్రమట్టి కవర్లు మొదట్లో నీళ్లు గటగటా తాగి, రెండు నెలలకు పైనే నిలబెట్టుకోవడం మొదలుపెడితే అనుమానించాల్సింది ఈ నీళ్లనే. బైకార్బనేట్ మట్టి క్షారాన్ని పెంచుతుంది. ట్రేలో మట్టి తక్కువ కాబట్టి అక్కడ ఇంకా త్వరగా పెంచుతుంది, లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో తెల్లబోతాయి. ఇనుము అందకపోవడం అది. అలాంటి ఊళ్లలో బంక మట్టి ఎంత తగ్గిస్తే అంత మంచిది. నారు రోజుల్లోనైనా వాన నీళ్లో, కాలువ నీళ్లో దొరికించుకుంటే సగం టెన్షన్ పోతుంది.

కొలిచి చూసుకోండి

ఇంత చెప్పినా చివరికి మీ మట్టి, మీ కవరు, మీ నీళ్లు. ఇంట్లోనే కొలిచే పద్ధతి ఒకటుంది. మీరు వాడబోయే కుండీనో కవరునో తీసుకోండి. చిల్లులకు టేపు అంటించి, మట్టి నింపే ఎత్తు దాకా నీళ్లు పోసి, ఎన్ని నీళ్లు పట్టాయో రాసుకోండి. నీళ్లు వంచేసి, కొంచెం తడిపిన మిశ్రమాన్ని అదే ఎత్తుకు, మామూలుగా ఎంత నొక్కుతారో అంతే నొక్కి నింపండి. పక్క నుంచి మెల్లగా నీళ్లు పోస్తూ, పైన తడి మెరిసేదాకా నానబెట్టండి. ఇప్పుడు కింద గిన్నె పెట్టి టేపు పీకేయండి. అరగంటలో కారిన నీళ్లు కొలవండి. ఆ నీళ్లు ఖాళీ చేసిన చోటే గాలికి మిగిలిన చోటు.

లీటరు పట్టే కవర్లో 120 మి.లీ. కారితే గాలి 12 శాతం. 10 నుంచి 20 మధ్య ఉంటే నిశ్చింతగా నింపుకోవచ్చు. 50 మి.లీ. కారితే ఆ మట్టి ఆ కవరుకు పనికిరాదు, ఊక కలిపి మళ్లీ కొలవండి. 30 శాతం దాటితే మే ఎండలకు రోజుకు మూడు తడులు పెట్టాల్సొస్తుంది, కోకోపీట్ కలపాలి. కొలత ఎప్పుడూ మీరు వాడే ఎత్తులోనే చేయాలి. బకెట్లో కొలిచి ట్రేకు వాడితే లెక్క తప్పుతుంది. ట్రేలో మంచి కోకోపీట్‌కు కూడా గాలి సుమారు 5 శాతమే రావడం మామూలే. అక్కడ మిశ్రమం మీద కంటే తడి పెట్టే చేతి మీదే ఎక్కువ ఆధారపడాలి.

నేల మీద ఎత్తు మడి చేసి నారు పోసేవాళ్లకు ఈ తలనొప్పులు చాలావరకు లేవు. మీటరు వెడల్పు, 15 సెం.మీ. ఎత్తు మడి కింద నేలతో కలిసే ఉంటుంది కాబట్టి నీళ్లు దిగిపోతాయి. నారు పీకేటప్పుడు వేరు తెగడమే దాని లోటు.

ఇక నాటేటప్పుడు. కోకోపీట్ గడ్డతో ఉన్న మిరప నారును రేగడిలోనో, బంక చెల్కలోనో పెడితే, సన్నటి ఖాళీలున్న చుట్టుపక్కల మట్టి ఆ గడ్డలోని నీళ్లను లాగేసుకుంటుంది. చాళ్లో తడి కనిపిస్తూనే ఉంటుంది, వేరున్న గడ్డ మాత్రం ఒక్క రోజులో ఎండిపోతుంది. డ్రిప్పు ఉన్నవాళ్లు మొదటి వారం పది రోజులు చుక్క సరిగ్గా గడ్డ మీదే పడేలా చూడాలి, లేనివాళ్లు మొదటి తడులు చాళ్లో కాకుండా మొక్క మొదట్లో చెంబుతో పోయాలి. గడ్డ పైభాగం బయటికి కనపడకుండా వేలెడు మట్టి కప్పాలి, లేకపోతే అదే వత్తిలా తడిని గాల్లోకి వదిలేస్తుంది. బంక మట్టి గడ్డతో వచ్చిన బత్తాయి మొక్కను దుబ్బలో పెడితే కథ తిరగబడుతుంది. గడ్డ తన నీళ్లు తనే పట్టుకుని కూర్చుంటుంది, వేరు దాన్ని దాటి బయటికి రాదు. నాటే ముందు గడ్డ నాలుగు పక్కలా చాకుతో నిలువుగా గీసి, గుంతలో దుబ్బతో పాటు కొంచెం ఆ గడ్డ మట్టినీ, పెంటనూ కలిపి నింపండి.